పిట్ట ముట్టని విస్తరి

నా చిన్నప్పుడు, మా అమ్మ పోయిన ఎండాకాలంలో, నాచారంలోని మా ఇంట్లో మధ్యాహ్నంపూట కుండలో నీళ్లు తగ్గేవి. ఎవరూ ముంచుకోకుండానే తగ్గేవి. ఈ మాట చెబితే ఇప్పుడు మా మనవరాలు నవ్వుతుంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అమ్మ కామెర్లతో పోయింది. మూడో రోజు బొందలగడ్డ దగ్గర, అంటే అమ్మను పాతిన శ్మశానంలో, పిట్టకు పెట్టారు. మా వైపు అది చిన్న విషయం కాదు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, పాతిపెట్టిన చోట విస్తరిలో వడ్డించి, అందరూ దూరంగా జరిగి నిలబడతారు. కాకి దిగి ముట్టిందా, ఆ మనిషి తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిపోయి ఇల్లు విడవలేకపోతున్నట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, మిగిలిన కోరిక ఇదేనేమో అని ఊహించి మాట ఇస్తారు. సరైన మాట పడగానే కాకి దిగుతుందని నమ్మకం.

అమ్మకు బొబ్బెర గుడాలు, ఎండురొయ్యల కూర, గ్లాసు నిండా చాయ్ పెట్టారు. కాకులు వచ్చాయి, చెట్టు మీద కూర్చున్నాయి, కిందికి మాత్రం దిగలేదు. “పిల్లను మంచిగ సూస్కుంటనే, ముట్టు” అన్నాడు నాన్న. ముట్టలేదు. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆమెతో ఒక్క రోజైనా సరిగ్గా మాట్లాడని మా నాయనమ్మ కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, “నీ బిడ్డ మీదికి మారుతల్లిని రానియ్య” అని ఒట్టు వేసింది. అయినా ముట్టలేదు. ఎండ నడినెత్తికి ఎక్కేదాకా చూసి, చివరికి ఆ విస్తరి ఎత్తి ఆవుకు పెట్టి ఇంటికి వచ్చేశారు.

లోకంలో జరిగే ప్రతిదానికీ మా నాయనమ్మకు ఒక కారణం తెలుసు. “దాని పాణం ఏడనో చిక్కుకున్నది” అని వాడకట్టంతా తిరిగి చెప్పింది. ఎక్కడ చిక్కుకుందో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు.

అమ్మను దవాఖానాకు తీసుకుపోయిన రోజు మధ్యాహ్నం నేను వాకిట్లో నీడన కూర్చుని గచ్చకాయలు ఆడుతున్నాను. అమ్మ లోపల మంచం మీద ఉంది. నాన్న ఫ్యాక్టరీకి పోయాడు. “బిడ్డా, జరన్ని నీళ్లియ్యవే” అని అమ్మ పిలిచింది. నేను గెలుస్తున్నాను. కాసేపటికి మళ్లీ పిలిచింది. ఈసారి గొంతు చిన్నగా వచ్చింది. రెండుసార్లూ స్పష్టంగా విన్నాను, విననట్టే ఊరుకున్నాను. మూడోసారి పిలవలేదు. ఆట అయ్యాక లోపలికి వెళ్తే కళ్లు మూసుకొని ఉంది. నిద్రపోయింది కదా, లేచాక ఇద్దాంలే అనుకున్నాను. అమ్మ ఆ తర్వాత కళ్లు తెరవలేదు. దవాఖానాలో రెండు రోజులుండి అలాగే పోయింది.

కాబట్టి కాకి ఎందుకు దిగలేదో నాకు అర్థమైంది. అమ్మ అడిగింది కూర కాదు, చాయ్ కాదు. దప్పికతో పోయిన మనిషి ముందు రొయ్యల కూర పెడితే ఏం ముడుతుంది?

ఇక అప్పటినుంచి కుండ మీద నా కన్ను పడింది. నాన్న పనికి, నాయనమ్మ పక్కింటి అరుగు మీదికి పోయాక, కుండలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి బయటివైపు బొగ్గుతో గీత గీసేదాన్ని. తలుపు దగ్గరగా వేసి గడప బయట కూర్చునేదాన్ని. ఆ వేళకి మా గల్లీలో కుక్క కూడా మొరిగేది కాదు. ఫ్యాక్టరీల నుంచి వచ్చే చప్పుడు ఒక్కటే దూరంగా వినిపించేది. ఒక్కోసారి లోపల చెంబు కదిలినట్టు టక్కుమనేది. కాసేపు ఆగి వెళ్లి చూస్తే నీళ్లు గీతకు వేలెడు కిందికి ఉండేవి. కుండ కింద నేల తడిగా, చల్లగా ఉండేది. అక్కడ ఎవరో ఇప్పుడే కూర్చుని లేచినట్టు అనిపించేది.

మట్టికుండ చెమరుస్తుందని, ఎండాకాలం నీళ్లు వాటంతటవే తగ్గుతాయని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కానీ ఎవరినైనా అడగాలంటే ముందు ఆ మధ్యాహ్నం సంగతి చెప్పాలి. అది చెప్పే ధైర్యం లేదు. అమ్మ తాగే కుండ కదా అని నేను ఆ నీళ్లు ముట్టడం మానేశాను. బయట నల్లా దగ్గర దోసిలి పట్టి తాగేదాన్ని, లేదంటే లేదు. నెల తిరిగేసరికి పెదవులు పగిలి, మెడ కింద ఎముకలు తేలాయి. నాన్న అడిగితే ఆకలి లేదనేదాన్ని.

అప్పుడు మా మేనత్త వచ్చింది. నాన్నకు అక్క. ఉప్పల్లో ఉండేది. నగరం నడిబొడ్డున ఉన్న పాత మ్యూజియంలో ఊడ్చి తుడిచే పని ఆమెది. మా వాళ్లు దాన్ని అజైబ్‌ఘర్ అనేవారు. ఆమె మాటకారి, కొంచెం కోపిష్టి కూడా. నీళ్లు ముంచుకోబోయి కుండ చుట్టూ ఉన్న బొగ్గు గీతలు చూసి ఆగిపోయింది. “ఈ గీతలేందే?” అంది. నేను నేల చూపులు చూశాను. నా మొహం వైపు, కుండ వైపు మార్చి మార్చి చూసింది గానీ మళ్లీ అడగలేదు. సాయంత్రం నాన్న రాగానే, “తమ్మీ, రేపు శుక్రారం. పిల్లను నా ఎంబడి తీస్కపోత. జర గాలి మారుతది” అని ఆ రాత్రికే నన్ను ఉప్పల్ తీసుకుపోయింది.

పొద్దున్నే ఉప్పల్ చౌరస్తాలో బస్సెక్కాం. శుక్రవారం మ్యూజియానికి సెలవు. చూసేవాళ్లెవరూ రారు కాబట్టి ఆ రోజు గదులన్నీ కడిగి తుడిచేవారు. గేటు దగ్గర కాపలా ఆయన అత్తను చూసి తలూపాడు. ఆ తర్వాత లోపల మేమిద్దరమే.

అంత పెద్ద భవనంలో మనుషులు లేకపోతే ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. వరండాలో పొడుగునా రాతి దేవుళ్లు. ఒకరికి ముక్కు లేదు, ఒకరికి చేతులు లేవు. ఒక అమ్మవారికి తలే లేదు, మెడలో హారం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. అత్త తడిగుడ్డతో వాళ్లను తుడుస్తూ, ప్రతి ఒక్కరినీ ముందుగా పలకరించేది. “కాళ్లు తుడుస్తున్న తల్లీ, ఏమనుకోకు” అనేది. నవ్వులాటకు కాదు. తలలేని ఆమెతో కూడా అలాగే చెప్పింది. ఆమె ఎక్కడినుంచి వింటుందా అని నేను ఆ మెడ వైపే చూస్తూ నిలబడ్డాను.

కత్తుల గది, నాణేల గది దాటాం. ఒక గదిలో గోడ మీది పాత బొమ్మలు. రంగు రాలిపోయి మొహాల్లో కళ్లు మాత్రమే మిగిలాయి. నేను ఎటు జరిగితే అవీ అటే వచ్చాయి. అత్త కొంగు గట్టిగా పట్టుకున్నాను. చివరికి ఒక మూల గది వచ్చింది. కిటికీలు మూసి ఉన్నాయి, పై వెంటిలేటర్ లోంచి పడే వెలుగు ఒక్కటే. “ఈడనే కూసో. బకీటు తెస్త” అని అత్త వెళ్లిపోయింది.

గది మధ్యలో పెద్ద అద్దాల పెట్టె ఉంది. లోపల మట్టి పరుపు, మట్టి మీద ఒక మనిషి. ఎముకలే. వెల్లకిలా పడుకుని, తల కొంచెం నా వైపు తిప్పినట్టు ఉంది. చుట్టూ చిన్నా పెద్దా కుండలు, కొన్ని నల్లవి, కొన్ని ఎర్రవి. నోటి పక్కన ఒక చిన్న ముంత, దాని మూతి ఆ మనిషి వైపు ఒరిగి ఉంది. ముంతలో ఏమీ లేదు. నోరు తెరిచే ఉంది.

పారిపోదామనుకున్నాను. కాళ్లు కదల్లేదు. అద్దంలో నా మొహం సరిగ్గా ఆ పుర్రె మీద పడింది. నా కళ్లు దాని కళ్లలో, నా పగిలిన పెదవులు దాని పళ్ల మీద కనిపించాయి. నేను మొహం పక్కకు జరిపాను. అద్దంలోది ఒక క్షణం ఆలస్యంగా జరిగినట్టు అనిపించింది. ఎక్కడో నీటి బొట్టు పడిన చప్పుడైంది. మళ్లీ పడింది. రెండు బొట్లకూ మధ్య ఉన్న నిశ్శబ్దంలో “బిడ్డా” అని ఎవరో చిన్నగా అన్నారు. నేను విన్నాను. ఈ వయసులో కూడా అది భ్రమ అని ఒట్టేసి చెప్పలేను.

అత్త బకెట్టుతో వచ్చేసరికి నేను రెండు చేతులూ అద్దానికి ఆనించి నిలబడి ఉన్నానట. ఏడవలేదట. ఆమెను చూడగానే, “అత్తా, ఈమెకు పిట్ట ముట్టిందా?” అని అడిగానట.

అత్త బకెట్టు కింద పెట్టింది. తర్వాత వచ్చి నా పక్కన నేల మీద చతికిలబడి కూర్చుంది.

“మన దిక్కు మనిషే బిడ్డా. మన గుట్టల కాడ దొరికిందట. ఆడిమనిషి అంటరు సార్లు. ఎన్ని ఏల ఏండ్లయిందో, లెక్క జెప్పిన్రు గని నాకు యాదికి లేదు. పెద్ద పెద్ద బండలు పేర్చి, లోపల పండవెట్టి, బువ్వ పెట్టిన్రు, నీళ్లు పెట్టిన్రు. మనం పెట్టినట్టే” అంది.

“బండల కిందికి పిట్ట ఎట్ల వోతది?” అన్నాను.

అత్త అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. “పోలే గావచ్చు” అంది.

అంటే ఈమె ఇన్ని వేల ఏళ్లుగా నోరు తెరిచి ఎదురుచూస్తోంది. అమ్మ పోయి నెల రోజులే అయింది. నాకు అప్పుడు పట్టుకుంది వణుకు. అత్త నన్ను ఒళ్లోకి లాక్కుని అలాగే కూర్చుంది. కొంతసేపటికి, “లే. మీ అమ్మకు మళ్ల పెడ్దాం. ఈడ పిట్టలు మంచియి, మాటింటయి” అంది.

మ్యూజియం వెనక ఒక పెరడు ఉండేది. వేపచెట్టు, దాని కింద పనివాళ్లు తాగే కుండ, ఎదురుగా ఎత్తయిన గోడ. అత్త తన టిఫిన్ డబ్బా విప్పి, రెండు ఆకులు కుట్టిన విస్తరిలో అన్నం, పప్పు పెట్టింది. అమ్మ పేరు చెప్పి దండం పెట్టి నన్ను వెనక్కి లాగింది. కాకులు వచ్చాయి. గోడ మీద వరసగా కూర్చున్నాయి. పది దాకా ఉంటాయి. అన్నీ విస్తరి వైపే చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు.

అత్త “కావ్, కావ్” అని పిలిచింది. రెండడుగులు ఇంకా వెనక్కి జరిగాం. గోడ మీద ఒక్క రెక్క కదల్లేదు. అత్త చెయ్యి నా చేతిలో ఉంది. అది చల్లబడింది, చెమట పట్టింది. తలెత్తి చూస్తే ఆమె మొహంలో రంగు లేదు. అంతవరకు నాకు పెద్దవాళ్లు భయపడతారని తెలియదు.

“ఏముందే నీ మనసుల? మీ అమ్మకు నువ్వేమన్న అన్నవా?” అంది గొంతు తగ్గించి.

అప్పుడు చెప్పాను. గచ్చకాయలు, రెండు పిలుపులు, గెలుస్తున్న ఆట, అన్నీ చెప్పాను. కుండలో తగ్గే నీళ్ల గురించి కూడా చెప్పాను. చెబుతుంటే కాకులు కూడా వింటున్నట్టే ఉన్నాయి, ఒక్కటీ అరవలేదు. ఇంత పాపిష్టిదానివా అని అత్త నన్ను వదిలేసి దూరం జరుగుతుందని కళ్లు గట్టిగా మూసుకున్నాను.

అత్త తిట్టలేదు. అయ్యో, నీ తప్పేం లేదు బిడ్డా అని కూడా అనలేదు. పైటతో నా ముక్కు తుడిచి, చెట్టు కింద కుండ మీద బోర్లించిన ముంత తీసి నా చేతికిచ్చింది. “అడిగింది నిన్ను. నువ్వే ముంచి ఇయ్యి” అంది.

ముంత నిండా ముంచాను. ఆ కుండ నుంచి విస్తరి దాకా ఇరవై అడుగులు ఉంటుందేమో. ఒక్క చుక్క ఒలికినా మళ్లీ మొదటికొస్తుందని భయంతో, కాళ్లు చూసుకుంటూ నడిచాను. విస్తరి పక్కన పెట్టి, “అమ్మా, ఇగో నీళ్లు” అన్నాను.

వెనక్కి తిరిగేలోపే రెక్కల చప్పుడైంది. ఒక్క కాకి దిగింది. అన్నం వైపు చూడలేదు. గెంతుతూ నేరుగా ముంత దగ్గరికి వెళ్లి, అంచు మీద నిలబడి ముక్కు ముంచింది. తల పైకెత్తి మింగింది. మళ్లీ ముంచింది, మళ్లీ ఎత్తింది. మూడోసారి తాగి, నా వైపు ఒక కన్ను పెట్టి చూసింది. అప్పుడు గోడ మీదివన్నీ ఒక్కసారిగా విస్తరి మీద పడ్డాయి. అత్త అక్కడే కూలబడి, నాకంటే గట్టిగా ఏడ్చింది.

ఆ సాయంత్రం నాచారం వచ్చాక నన్ను లోపలికి రానివ్వకుండా నల్లా కింద కూర్చోబెట్టి తలస్నానం చేయించింది, తనూ చేసింది. ఎందుకని నాయనమ్మ అడిగితే, “ఏల ఏండ్ల కింద పోయిన మనిషిని సూసొచ్చినం, మైల” అంది. ఎన్ని వేల ఏళ్లయినా మైల మైలే అని నాయనమ్మ కూడా ఒప్పుకుంది. నేను తడిబట్టలతోనే లోపలికి వెళ్లి కుండలో నీళ్లు ముంచుకొని, ఊపిరి తిప్పుకోకుండా మూడు గ్లాసులు తాగాను. కుండలో నీళ్లు ఆ తర్వాత కూడా మధ్యాహ్నాలు తగ్గుతూనే ఉండేవి. గీతలు గీయడం మాత్రం మానేశాను.

కాలేజీకి వచ్చాక ఒకసారి ఏదో పని మీద ఆ మ్యూజియానికి వెళ్లాను. మధ్యాహ్నం వేళ. అత్త పెరట్లో తిని, మిగిలిన మెతుకులు గోడ కింద విదిలిస్తోంది. ఆమె చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే కాకులు మీద పడిపోయాయి. రోజూ అదే వేళకు పెడుతుందని, అందుకే కాచుకుని కూర్చుంటాయని అక్కడివాళ్లు చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. అంటే ఆ రోజు నన్ను మోసం చేసింది. నాలుగు వారాలు ఆమెతో మాట్లాడలేదు. చివరికి ఆమే ఇంటికి వచ్చి నిలదీసింది, నేనూ దాచుకోకుండా అడిగేశాను.

“అవ్, మోసమే” అంది అత్త ఏమాత్రం సిగ్గుపడకుండా. “రోజు పెడ్త గద, నిమిషంల దిగుతయి, పిల్ల మనసు కుదుటవడ్తదని తోల్కపోయిన. గని ఆ దినం ఒక్కటన్న దిగెనా? నువ్వే సూస్తివి గదా. అంతకు ముందటి దినం దిగినయి, తెల్లారి దిగినయి. ఆ ఒక్క దినం గోడ మీద కూసొని నా దిక్కు జూసినయి. నేను ఆడిన నాటకం మీ అమ్మకు నచ్చలే అనుకున్న. పాణం గుబుక్కుమన్నది.”

ఎండాకాలం కాబట్టి కాకికి దప్పికైంది, అన్నం కంటే ముందు నీళ్లు తాగింది. మా నాన్న ఉంటే అలాగే అనేవాడు. నేనూ చాలామందికి అలాగే చెప్పాను. మరి నేను నీళ్లు పెట్టేదాకా ఒక్కటీ ఎందుకు దిగలేదో నాకు తెలియదు. అత్త కూడా చెప్పలేకపోయింది. ఇప్పుడు ఆమె లేదు, అడగడానికి.

మొన్న ఉప్పల్లో మెట్రో ఎక్కి మనవరాలిని ఆ మ్యూజియానికి తీసుకెళ్లాను. గదులకు ఏసీ వేశారు, మంచి దీపాలు పెట్టారు. అద్దాల పెట్టెలో ఆమె మాత్రం అలాగే పడుకుని ఉంది. మనవరాలు ఫోన్‌లో ఫోటో తీసుకొని, “నానమ్మా, భయమైతలేదా?” అంది. లేదన్నాను. నిజానికి అద్దంలోకి మాత్రం చూడలేదు.

పిల్లలు తప్పు చేసి దగ్గరికి వస్తే “ఏం కాదులే” అనేయడం సులువు. నాకు ఆ రోజుల్లో అందరూ అలాగే అనేవారు, ఏమైందో తెలియకుండానే. ఆ మాటతో నా మెడ కింద ఎముకలు ఇంకా తేలాయే తప్ప మనసు తేలిక కాలేదు. అత్త ఒక్కతే నేను చేసింది తప్పేనని ఒప్పుకుంది. ఒప్పుకుని, ముంత చేతికిచ్చింది. నా పిల్లలకూ, మనవలకూ నేను చేయగలిగింది అదొక్కటే అనుకుంటాను. ఏం చేశావో చెప్పమంటాను, విన్నాక ఇప్పుడేం చేద్దామో చెప్పమంటాను. వాళ్లు విసుక్కుంటారు, ఊరుకోవచ్చుగా అంటారు. నేను ఊరుకోను.

కాకి ఎందుకు దిగిందన్న లెక్క ఎవరైనా ఎలాగైనా తేల్చుకోనీ. మా అమ్మ దప్పికతో పోలేదు. ఆలస్యమైంది అంతే. నా చేతి నీళ్లు తాగే పోయింది.